అత్తగారు లేని మొదటి క్రిస్మస్: ఏ పద్ధతులు ఉంచుకోవాలి, ఏవి వదిలేయాలి?

అమ్మా, వందనాలు. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అత్తవారిది బాపట్ల దగ్గర పల్లె, మీరు ఉద్యోగాల వల్ల బెంగళూరులో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి అయిదు. ఏటా డిసెంబర్ 20 దాటగానే ఊరెళ్లేవారు, నక్షత్రం దగ్గర్నుంచి అరిసెల దాకా పండుగంతా అత్తగారి చేతుల మీదే నడిచేది. ఈ ఆగస్టులో ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఊళ్లో ఇల్లు తాళం వేసి ఉంది, మరిది గారు డల్లాస్‌లో ఉన్నారు. “ఆవిడ చేసినవన్నీ నా వల్ల కాదు, మానేస్తే మా ఆయన బాధపడతారు. వేటిని ఉంచుకోవాలి? అసలు ఈ ఏడు పండుగ చేసుకోవచ్చా?” అని అడిగారు.

చేసుకోండి. అయితే అన్నీ నెత్తిన వేసుకోకండి. పిల్లల చేతికి పని దొరికే పద్ధతుల్ని ఉంచుకోండి, వాళ్లు కూర్చుని చూడటానికి తప్ప ఎందుకూ లేని వాటిని ఈ ఏడాదికి పక్కన పెట్టండి. మీ విషయంలో నేనైతే నాలుగు ఉంచుతాను: ఇంట్లో కట్టిన నక్షత్రం, అరిసెలు, పక్కిళ్లకు పళ్లేలు, 24 రాత్రి కుటుంబ ప్రార్థన. మిగతావి వీలైతే చూసుకోవచ్చు, కాకపోతే లేదు.

మాది గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబం. టీచరుగా చేసి రిటైరయ్యాను. మా చర్చి సంఘంలో సండే స్కూలు, క్రిస్మస్ ప్రోగ్రాములు చాలాకాలం నా చేతుల మీద జరిగాయి. అంటే ఒకే ఇంటి తాతని, కొడుకుని, మనవణ్ణి కూడా పండుగ రోజుల్లో దగ్గర్నుంచి చూశాను. ఏ ఇంట్లో పండుగ నిలిచింది, ఏ ఇంట్లో పెద్దావిడతోపాటే వెళ్లిపోయింది అన్నది గమనించి చెబుతున్న మాట ఇది. అన్నీ ఒంటిచేత్తో చేసి, పిల్లల్ని “పోయి ఆడుకోండి, నూనె మీద పడుతుంది” అని తరిమిన ఇళ్లలో, ఆ తల్లి మంచాన పడ్డ ఏడాదే పండుగ హోటల్ భోజనానికి మారిపోయింది. ఆ పిల్లలు చెడ్డవాళ్లేం కాదు, అమ్మ మీద ప్రాణం పెట్టినవాళ్లే. కానీ నువ్వులు అద్దడం కూడా వాళ్లకి చేతకాదు. పక్కన ఇంకో ఇల్లు ఉండేది. ఆ తండ్రి ఆర్టీసీలో డ్రైవరు. పండుగ రోజు డ్యూటీ పడితే 26న పండుగ చేసుకునేవారు. నక్షత్రం కట్టడం పెద్దబ్బాయి పని, వాక్యం చదవడం రెండో అమ్మాయి పని, పళ్లేలు మోయడం ఆఖరివాడి పని. ఇప్పుడు ముగ్గురూ మూడు ఊళ్లలో ఉన్నారు, మూడిళ్లలోనూ నక్షత్రం వెలుగుతుంది.

ముందుగా మీ బెరుకు తీరాలి కాబట్టి ఒక మాట. అత్తగారి పద్ధతిని ఉన్నదున్నట్టు చేయకపోతే తప్పు చేసినట్టు మీకనిపిస్తోంది. మన క్రిస్మస్ ఎప్పుడూ ఒక్క తీరుగా లేదమ్మా. జర్మనీలో పుట్టి, అమెరికాలో పాస్టరుగా చేసి, అక్కడి లూథరన్ల తరఫున ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. ఆ మిషనరీల ఊళ్లలో క్రిస్మస్ చెట్టంటే ఫర్ చెట్టు. మన సముద్రపు ఒడ్డున అది ఎక్కడ దొరుకుతుంది? బాపట్ల, చీరాల వైపు సరుగుడు తోటలున్నాయి కాబట్టి సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసుక నింపిన బకెట్లో నిలబెట్టి, మంచుకి బదులు దూది అంటించారు. పాటలు వాళ్ల బాణీలవీ పాడుకున్నాం, మన బాణీలూ కట్టుకున్నాం. కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. అరిసెలు సంక్రాంతివి, పలావు ఎక్కడిదో, కేకు ఇంకెక్కడిదో. మీ అత్తగారు కూడా వాళ్ల అత్తగారి పద్ధతిలో కొన్ని తీసేసి, కొన్ని కలుపుకునే ఉంటారు. బెంగళూరుకి తగ్గట్టు మీరు మార్చుకుంటే ఆవిడ చేసిన పనే మీరూ చేస్తున్నట్టు.

నక్షత్రం

దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తొమ్మిదేళ్ల పిల్లాడున్న ఇంటికి ఇంతకన్నా మంచి పని లేదు. బజార్లో మడతపెట్టే ప్లాస్టిక్ స్టార్లు దొరుకుతాయి, రెండు నిమిషాల్లో తగిలించొచ్చు. ఈ ఒక్క ఏడాది అది కొనకండి.

మూడడుగుల పొడవు, చిటికెన వేలి మందం ఉన్న వెదురు బద్దలు పది కావాలి. బుట్టలు అల్లే మేదర వాళ్ల దగ్గర చీల్చి ఇస్తారు. పదీ ఒకే కొలతలో ఉండాలి, ఒక్కటి అంగుళం తేడా వచ్చినా నక్షత్రం ఒంకర పోతుంది. బద్దల మీద పేళ్లు లేకుండా గరుకు కాగితంతో రుద్దాలి, లేదంటే పిల్లల వేళ్లలో గుచ్చుకుంటాయి. పిల్లవాడు కాగితం మీద చెయ్యెత్తకుండా అయిదు గీతల నక్షత్రం గీస్తాడు చూడండి, సరిగ్గా ఆ వరుసలో అయిదు బద్దలు నేల మీద పరవండి. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి వెళ్లేలా దూర్చి, అయిదు మొనల దగ్గర పురికొసతో గానీ సన్నటి బైండింగ్ వైరుతో గానీ బిగించండి. అలాంటివే రెండు కట్టాలి. ఒకదాని మీద ఒకటి పెట్టి మొనకి మొన కలిపి కట్టేయండి.

అప్పుడు వస్తుంది పిల్లలు కేరింతలు కొట్టే ఘట్టం. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు అయిదుంటాయి. ఆరంగుళాల పుల్లలు అయిదు కోసి పెట్టుకుని, ఆ అయిదు చోట్లా ముందు బద్దకీ వెనక బద్దకీ మధ్య నిలువుగా దూర్చాలి. నేల మీద చాపలా పడి ఉన్నది ఒక్కసారిగా ఉబ్బి, కడుపున్న నక్షత్రం అవుతుంది. ఈ పుల్లలు మీరు దూర్చకండి, బాబు చేత దూర్పించండి. ఒకటి జారి ఎగిరి పడుతుంది, మళ్లీ పెడతాడు. మీవారు పక్కన కూర్చుని బద్ద పట్టుకుంటే చాలు. వాళ్ల అమ్మగారింట్లో ఈ పని ఆయన చిన్నప్పుడు చేసే ఉంటారు. చేతులకి అది గుర్తుంటుంది, మాట్లాడటం మొదలుపెడతారు. ఆయన మనసులో ఉన్నది ఈ పని దగ్గర బయటికొచ్చినంత తేలిగ్గా, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాదు.

కాగితం గాలిపటాలకి వాడే రంగు కాగితం సరిపోతుంది. ఎరుపు, తెలుపు కలిస్తే రాత్రి బాగా కనబడుతుంది. జిగురు ఇంట్లోనే, మైదా నీళ్లలో ఉడికించి. పాతరోజుల్లో పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేసేవారు. అది విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు, నెల రోజుల నక్షత్రానికి అక్కర్లేదు కూడా. కాగితాన్ని మరీ లాగి అంటిస్తే ఆరాక చిరుగుతుంది, కొంచెం వదులుగా ఉంచండి. వెనకవైపు ఒక ముక్కకి అంటించకుండా తలుపులా వదిలితే బల్బు పెట్టడానికి వీలవుతుంది. బల్బు ఎల్‌ఈడీదే పెట్టండి, తొమ్మిది వాట్లు చాలు. వెనకటి ఫిలమెంట్ బల్బుల వేడికి కాగితాలు కమిలిపోయేవి, అంటుకున్నవీ ఉన్నాయి. కింద తోకలకి మిగిలిన కాగితం కుచ్చులుగా కత్తిరించడం పాప పని. ఆ కుచ్చులు వంకరగా వచ్చినా సరిచేయకండి.

దీన్ని ఆగమన కాలం మొదటి ఆదివారానికల్లా, అంటే నవంబర్ చివర్లోనో డిసెంబర్ మొదట్లోనో, బాల్కనీలో కట్టేయండి. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఈ కాలం నాలుగు ఆదివారాలుంటుంది కదా, అంతకాలం వెలగాలి. వెలుగు లోపల పెట్టిన కాగితపు నక్షత్రాలు జర్మనీలో మొరావియన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ల బడిలో, 1830ల్లో, పిల్లలకి లెక్కల పాఠంలో భాగంగా మొదలయ్యాయని చెబుతారు. బడి పిల్లల పనిగానే పుట్టిందన్నమాట. మీ బాబుకి ఈ సంగతి చెప్పండి, కోణాలు కొలుస్తాడు.

అరిసెలు, పళ్లేలు

అత్తగారు పది రకాలు చేసేవారని రాశారు. మీరు ఒక్కటి చేయండి. కజ్జికాయలు, జంతికలు, గులాబీ పువ్వులు, రవ్వలడ్లు అన్నీ ఇప్పుడు స్వగృహ షాపుల్లో బాగానే దొరుకుతున్నాయి, కొనుక్కోవడంలో నామోషీ లేదు. అరిసె మాత్రం ఇంట్లో చేయమంటాను. ఒక్కరు చేసే వంట కాదు అది. పాకంలో పిండి పోసేవాళ్లొకరు, తెడ్డుతో తిప్పేవాళ్లొకరు, తట్టేవాళ్లొకరు, వేయించేవాళ్లొకరు, నూనె నొక్కేవాళ్లొకరు కావాలి. అందుకే పల్లెల్లో అరిసెల రోజంటే నాలుగిళ్ల ఆడవాళ్లు ఒకచోట చేరేవారు. మీ సంఘంలో గానీ, ఆఫీసులో గానీ మన తెలుగువాళ్లు ఇద్దరుంటే పిలవండి. పండుగకి ముందు వచ్చే శనివారం పెట్టుకుంటే సరిపోతుంది, అరిసెలు నిలవుంటాయి.

కొలత చెబుతాను. కిలో కొత్త బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం ఒక పగలు, ఒక రాత్రి నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. వడగట్టి గుడ్డ మీద కాసేపు ఆరనిచ్చి, తడి ఉండగానే పట్టించి జల్లించాలి. పిండి ఆరిపోకుండా గిన్నెలో అదిమి, మూత పెట్టండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలబడాలి. మీ వీధిలో తడిపిండి పట్టే మర లేకపోతే మిక్సీలో కొద్దికొద్దిగా వేసుకోవచ్చు, కష్టమే గానీ అవుతుంది. పాకం దగ్గరే అందరికీ టెన్షన్. పళ్లెంలో నీళ్లు పోసుకుని చుక్క వేసి చూడండి. వేలితో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి, నీళ్లలో కరిగిపోకూడదు, పళ్లేనికి కొడితే ఠంగుమనకూడదు. ఠంగుమందంటే ముదిరిపోయింది, అరిసె రాయవుతుంది. లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. ఉండపాకం రాగానే దింపి, కాస్త నెయ్యి, నువ్వులు వేసి, పిండి జల్లుతూ తిప్పాలి. కొలిచిన పిండంతా పట్టాలని లేదు, చలిమిడి గరిటె జారుగా ఉన్నప్పుడే ఆపేయండి, చల్లారాక గట్టిపడుతుంది.

పొయ్యి దగ్గరికి పాపని రానివ్వద్దు. ఆమెకి బల్ల దగ్గర పని ఉంది: అరిటాకు ముక్క మీద నెయ్యి రాయడం, తట్టిన అరిసె మీద నువ్వులు చల్లి వేలితో అదమడం. బాబు చల్లారినవి లెక్కపెట్టి డబ్బాలో సర్దుతాడు. అరిసెల చెక్కలు ఊళ్లో అత్తగారి వంటింట్లో ఉంటాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్లని అడిగి బస్సు పార్సెల్లో తెప్పించుకోండి. అవి కొత్తవి కొనకండి. ఏళ్ల తరబడి నూనె తాగిన చెక్కకి అరిసె అంటుకోదు. అవి ఆవిడ చేతిలో తిరిగిన చెక్కలు, మీ ఇంట్లో ఉండాల్సినవి.

ఇక పళ్లేల సంగతి. నా లెక్కలో ఇది నక్షత్రం కన్నా, అరిసె కన్నా పెద్దది. పండుగ మన గుమ్మం దాటి వెళ్లేది దీంతోనే. మా ఊళ్లో డిసెంబర్ 25 పొద్దున చర్చి నుంచి రాగానే పిల్లలు పళ్లేలు పట్టుకుని వీధిలో తిరగడమే పని. మాలపల్లెలోని చర్చి దగ్గర నుంచి బయల్దేరిన పళ్లెం ఊళ్లోకీ వెళ్లేది, సాయబుల ఇళ్లకీ వెళ్లేది. ఒకప్పుడు కొన్ని గడపలు మా పళ్లెం పుచ్చుకునేవి కావు. అది మా అమ్మ తరం చూసిన బాధ. అయినా ఆవిడ ఏడాదికేడాది పంపుతూనే ఉంది. తర్వాత తర్వాత సంక్రాంతికి ఆ గడపల నుంచే మాకు పళ్లేలు వచ్చాయి, రంజాన్‌కి సేమ్యా గిన్నె వచ్చింది. ఏ గిన్నే ఖాళీగా తిరిగిరాదు, పంచదారో, పండో వేసి ఇస్తారు. పిల్లలు ఇదంతా మోసి, గుమ్మం ముందు నిలబడి, పెద్దవాళ్ల ముఖాలు చూసి నేర్చుకుంటారు. దానికి బదులుగా సండే స్కూల్లో నేను చెప్పగలిగిన పాఠం ఏదీ లేదు.

అపార్ట్‌మెంట్‌లో చేసేటప్పుడు కొన్ని చూసుకోండి. పక్కింటివాళ్లు గుడ్డు తినకపోతే కేకు పంపకండి. అరిసెలో గుడ్డు లేదు, ధైర్యంగా ఇవ్వొచ్చు, ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పండి. మొదటి పళ్లెం వాచ్‌మన్ కుటుంబానికి, రెండోది మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి వెళ్లాలి. మిగిలినవి మిగిలితే ఇద్దామని కాకుండా, వాళ్లవి ముందే తీసి పక్కన పెట్టండి. పిల్లలే తీసుకెళ్లాలి, మీరు వెనక నిలబడండి.

24 రాత్రి

మీ అత్తగారు ఆ రాత్రి అందర్నీ చాప మీద కూర్చోబెట్టి లూకా సువార్త చదివించేవారని రాశారు. ఇది వదలకండి. లూకా రెండో అధ్యాయం మొదటి ఇరవై వచనాలు చాలు, నెమ్మదిగా చదివినా అయిదు నిమిషాలు పట్టదు. మీ పిల్లలకి తెలుగు చదవడం రాదని చెప్పారు కదా. అయితే మీవారు చదువుతారు, దేవదూత మాటలు వచ్చేచోట ఆపి బాబు చేత చెప్పిస్తారు. ఇప్పటి నుంచి రోజుకొక వచనం నేర్పితే పండుగకి కంఠతా వచ్చేస్తుంది. గొర్రెల కాపరుల మాట పాపది, “బేత్లెహేము వరకు వెళ్లి” అన్న ముక్క చాలు. సండే స్కూల్లో నేను నేర్చుకుందేమిటంటే, చిన్నపిల్లకి పెద్ద వచనం ఇచ్చి తడబడనిచ్చేకన్నా చిన్న ముక్క ఇచ్చి గట్టిగా చెప్పనివ్వడం మేలు. మరుసటి ఏడాది తనంతట తనే పెద్దది అడుగుతుంది.

జ్ఞానుల కథ మత్తయి రెండో అధ్యాయంలో ఉంది. జ్ఞానులు ముగ్గురని అక్కడ ఎక్కడా లేదు, కానుకలే మూడు. ఈ సంగతి చెబితే బాబు బైబిలు తెరిచి వెతుకుతాడు, వెతకనివ్వండి. సాంబ్రాణి అనే మాట వచ్చినప్పుడు చిన్న ముక్క పిల్లల చేతిలో పెట్టండి, వాసన చూస్తారు. మా పిల్లలకి ఇప్పటికీ ఎక్కడ సాంబ్రాణి పొగ వచ్చినా ఆ అధ్యాయమే గుర్తుకొస్తుందంటారు.

ఆ తర్వాత ఒక కీర్తన, ప్రార్థన. ప్రార్థనలో అత్తగారి పేరు పైకి చెప్పండి. పెద్దవాళ్లు చాలామంది పిల్లలు ఏడుస్తారని పేరెత్తరు. ఏడిస్తే ఏడవనివ్వండి. మొదటి ఏడాది పేరెత్తని ఇంట్లో రెండో ఏడాది ఎత్తడం ఇంకా కష్టమవుతుంది.

ఈ ఏడు చేసుకోవచ్చా అన్న ప్రశ్న

మన వైపు చాలా క్రైస్తవ కుటుంబాల్లో చావు జరిగిన ఏడాది పిండివంటలు చేయరు, నక్షత్రం కట్టరు, కొత్త బట్టలు కట్టుకోరు. ఇరుగుపొరుగే పళ్లేలు తెచ్చిపెడతారు. ఇది ఊరి ఆచారం నుంచి వచ్చింది, సంఘంలో అలాంటి నియమం లేదు. మీ పెద్దల్లో ఎవరైనా దీన్ని పట్టింపుగా చూస్తే, వాళ్లతో వాదన పెట్టుకోకుండా ముందే ఫోన్ చేసి “అమ్మ జ్ఞాపకంగా చేస్తున్నాం” అని చెప్పండి. నలుగురిలో ముగ్గురు ఆ మాటతో ఊరుకుంటారు. మీ మామగారి తరఫు పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆవిడని అడిగి చేస్తున్నట్టు చేయండి, గౌరవం దక్కుతుంది, మీకు అండా దొరుకుతుంది.

సందడి తగ్గించుకోవడం మాత్రం సబబే. బాణసంచా, పెద్ద విందు, డీజే లాంటివి వద్దు. ఆవిడ పేరున చర్చిలో జ్ఞాపకార్థ కానుక ఇవ్వండి. బట్టల విషయంలో నాదొక సలహా: పిల్లలకి ఒక్కొక్క జత తీయండి, మీ ఇద్దరికీ తీసే డబ్బుతో ఆవిడ ఏటా చీర పెట్టే మనిషి ఊళ్లో ఎవరున్నారో కనుక్కుని ఆ చీర పంపండి. ప్రతి పల్లెలోనూ అలాంటి పెద్దావిడ చేత చీర అందుకునే ఇల్లు ఒకటి ఉంటుంది. ఆ ఇంటివాళ్లు ఈ డిసెంబర్‌లో అడగలేక ఎదురుచూస్తుంటారు.

వదిలేయదగ్గవి, మార్చుకోదగ్గవి

చెట్టు: ఈ ఏడు వద్దు. మాల్‌లో పిల్లలు చూసేశారు, ఇంట్లో నక్షత్రం ఉంది. మరీ అడిగితే చిన్న కుండీ మొక్కకి దూది అంటించనివ్వండి.

క్రిస్మస్ తాత: పిల్లలకి తాత తెలుసు, కథ తెలియదు. ఆ కథ వెనకున్న మనిషి నికోలస్, నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణానికి బిషప్పు, పేదలకి రహస్యంగా సహాయం చేసినవాడని పేరు. ఆయన పండుగ డిసెంబర్ 6. ఆ రోజు పిల్లల చేత వాళ్ల బీరువా తెరిపించి, పొట్టయిన బట్టలు, ఆడని బొమ్మలు తీయించి ఇప్పించండి. వచ్చే తాతకన్నా ఇచ్చే తాత మంచివాడు.

క్యారల్స్: ఊళ్లో డోలక్, కంజిర, హార్మోనియం పట్టుకుని తెల్లవారుజాము దాకా ఇంటింటికీ తిరిగేవారు, పెట్రోమాక్స్ లైటు వెనక పిల్లలు నిద్రమత్తులో నడిచేవారు. అపార్ట్‌మెంట్‌లో అది కుదరదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు వాడకూడదన్నది చట్టం, అది పాటించాల్సిందే. మీ సంఘం యువకులకి మీ ఇంటి వంతు సాయంత్రం ఏడింటికి వేయమనండి. అసోసియేషన్ వాళ్లకి ముందే చెప్పి, మైకు లేకుండా కింద సెల్లార్‌లోనో, పార్కులోనో రెండు పాటలు పాడిస్తే చాలు. వచ్చినవాళ్లకి టీ, అరిసె. డిసెంబర్‌లో ఆఫీసు సెమీ క్రిస్మస్‌లు (పండుగకి ముందే చేసుకునే వేడుకలు), స్కూలు ప్రోగ్రాములు అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి తేదీ నవంబర్‌లోనే అడగండి.

చర్చి: తెల్లవారుజాము ఆరాధనకి తప్పక వెళ్లండి. పిల్లలు నిద్రలేవరని భయపడకండి. హైదరాబాద్‌లో నాకు తెలిసిన కుటుంబమొకటి ఏటా అర్ధరాత్రి దాటాక కారెక్కి మెదక్ వెళుతుంది. కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ పోస్నెట్ దొర అనే మిషనరీ కట్టించిన అక్కడి పెద్ద చర్చి తెరుచుకుందే 1924 డిసెంబర్ 25న. చలిలో దుప్పటి కప్పుకుని, ఆ గోపురం కింద వేలమందితో కలిసి నిలబడటమే ఆ పిల్లలకి క్రిస్మస్. వాళ్లింట్లో పిండివంటలు లేవు, చెట్టు లేదు. ఈ ఒక్క పద్ధతే ఉంది, గట్టిగా ఉంది. అన్నీ ఉండక్కర్లేదనడానికి వాళ్లే నాకు రుజువు.

ఇంకో విషయం, మీవారి గురించి. “ఆయన ఏమీ చెప్పరు, అడిగితే నీ ఇష్టం అంటారు” అని రాశారు. తల్లి పోయిన మగవాళ్లు మొదటి పండుగకి ఇలాగే ఉంటారు. ఏం చేద్దామని అడగకండి, “అత్తయ్య పాకం ఎలా చూసేవారు?”, “నక్షత్రానికి ఏ రంగు వేసేవాళ్లు?” అని అడగండి. జవాబులు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మరిది గారిని కూడా అవే అడగండి. అన్నదమ్ములిద్దరూ చెప్పింది కలవదు, ఒకరు ఎరుపంటారు, ఒకరు పచ్చంటారు. రెండూ రాయండి.

డల్లాస్ టైము సంగతి: శీతాకాలంలో వాళ్లకీ మనకీ పదకొండున్నర గంటల తేడా. మన 24 రాత్రి తొమ్మిదింటికి వాళ్లకి అదే రోజు పొద్దున తొమ్మిదిన్నర. ఆఫీసుకి సెలవు పెట్టుకోగలిగితే కుటుంబ ప్రార్థనలో వీడియో కాల్‌లో కూర్చోవచ్చు. సెలవు దొరక్కపోతే మన 25 పొద్దున ఆరింటికి చేయండి, వాళ్లకి 24 సాయంత్రం ఆరున్నర అవుతుంది, వాళ్ల ప్రార్థన వేళకి సరిపోతుంది. లూకా అధ్యాయంలో సగం అన్న, సగం తమ్ముడు చదివేలా ఇప్పుడే పంచుకోమనండి.

ఊళ్లో ఇంటి గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. డిసెంబర్‌లో దాన్ని పూర్తిగా చీకట్లో వదలకండి. పక్కింటివాళ్లకి ఒక ప్లాస్టిక్ స్టారు డబ్బులు పంపి గుమ్మానికి తగిలించమనండి, అక్కడ ప్లాస్టిక్‌దైనా పరవాలేదు. క్యారల్స్ వాళ్లు ఆ గుమ్మం ముందు కూడా ఆగి ఒక పాట పాడేలా మీ ఊరి పాస్టరు గారితో మాట్లాడండి, కానుక కవరు పక్కింట్లో ఇచ్చి ఉంచండి. సంక్రాంతి సెలవులకి మీరు వెళ్లినప్పుడు సమాధుల తోటకి పిల్లల్ని తీసుకెళ్లొచ్చు.

పాకం దగ్గర సందేహం వస్తే ఇక్కడే అడగండి. వెదురు బద్దలు దొరక్కపోతే కూడా చెప్పండి, సన్నటి పీవీసీ పైపుతో ఎలా కట్టాలో రాస్తాను.